గడప దాటని డిగ్లీపూర్ బస్సు

ఆ సోమవారం కూడా బరువు మిషను డెబ్బై ఆరు దగ్గరే ఆగింది. సుందరి దిగి, చెవులకున్న జూకాలు తీసి కిటికీలో పెట్టి, మళ్ళీ ఎక్కింది. డెబ్బై ఆరే. జూకాలు తీస్తే కిలోలు తగ్గేటట్టయితే లోకంలో లావుపాటి ఆడవాళ్ళే ఉండేవారు కారు. ఆ మాత్రం సుందరికీ తెలుసు. కానీ ఆశ చావదు కదా.

డెబ్బై రెండుకు రావాలి. చెన్నై ఆసుపత్రి వాళ్ళు గీసిన గీత అది. ఆమె ఎత్తుకు అంతకు మించి బరువుంటే కిడ్నీ తియ్యరట. మొగుడు కన్నబాబుకు రెండు కిడ్నీలూ పోయి పద్నాలుగు నెలలైంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు. గుండె కూడా అలిసిపోతోందనీ, ఇలా ఇంకో ఏడాది లాగడం కష్టమనీ డాక్టరు సుందరిని పక్కకు పిలిచి చెప్పాడు. అన్నదమ్ముల రక్తం కలవలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళుగా ఏ విషయంలోనూ ఆయనతో కలవని పెళ్ళాం రక్తం మాత్రం చక్కగా కలిసింది.

ఎనభై నాలుగుతో మొదలుపెట్టి ఎనిమిది కిలోలు తగ్గించుకుంది. మిగిలిన నాలుగూ మాత్రం కదలనంటున్నాయి. ఆరు వారాల్లో చెన్నైలో తూస్తారు. ఆ తారీఖు తప్పితే మళ్ళీ నాలుగైదు నెలల దాకా పిలుపు రాదు. అన్ని నెలలు కన్నబాబు దగ్గర ఉన్నాయో లేవో ఎవరికి తెలుసు?

పోనీ తిండి మానేద్దామా అంటే అదీ కుదరదు. ఒకసారి పంతం పట్టి అన్నం పూర్తిగా మానేస్తే ఒంట్లో రక్తం తగ్గింది. రక్తమే లేని మనిషి దగ్గర కిడ్నీ ఎలా తీసుకుంటామమ్మా అని వాళ్ళు ఫోన్లోనే కేకలేశారు. బయట నడుద్దామా అంటే, ఒకరోజు అలా పోర్ట్ బ్లెయిర్‌లో తాముండే బతు బస్తీ సెంటరు దాకా వెళ్ళి వచ్చేసరికి కన్నబాబు వంటగది గుమ్మంలో తెలివి తప్పి పడి ఉన్నాడు. ఆ రోజు నుంచి డయాలసిస్‌కు తప్ప ఆమె గడప దాటలేదు.

అందుకే ఇంట్లోకి ట్రెడ్‌మిల్ వచ్చింది. ఊళ్ళోనే హాడోలో క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు భార్య దగ్గర కొన్నారు. ఈ దీవుల్లో సగం ఇళ్ళ సామాను అలా ఎవరిదో ట్రాన్స్‌ఫర్ పుణ్యాన వచ్చినదే. ముందుగదిలో మంచానికీ టీవీకీ మధ్య, గోడకు ఎదురుగా ఇరికించారు. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు, అదే వేగం, అదే గోడ. గానుగెద్దు నయం, దానికి కనీసం చుట్టూ తిరిగే భాగ్యం ఉంది.

"ఒంటికి అలవాటైపోయిందమ్మా," అని చెన్నై నుంచి ఆహారం సంగతి చూసే అమ్మాయి ఫోన్లో చెప్పింది. "రోజూ ఒకేలా నడిస్తే ఇంక కరగదు. మార్చి మార్చి నడవండి. కాసేపు మెషిన్ ముందుభాగం ఎత్తు పెంచండి, కాసేపు వేగం పెంచి తగ్గించండి. ఎత్తు ముఖ్యం."

పన్నెండో క్లాసు చదువుతున్న కూతురు జాహ్నవి వెంటనే చార్టు రాసి గోడకు అంటించింది. రెండు నిమిషాలు జోరు, ఒక నిమిషం నెమ్మది, ఐదు నిమిషాలు ఎత్తు. పాటలు పెట్టింది. పక్కకి తిరిగి అడుగులెయ్యమంది. పక్కకి తిరిగిన రెండో అడుగుకే సుందరి మంచం మీద పడింది. నాలుగు రోజులయ్యేసరికి చార్టు చూస్తేనే ఒళ్ళు మండిపోయేది. ఐదో రోజు ఎత్తు బటన్ నొక్కకుండానే నొక్కానని అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి సిగ్గుపడి, మెషిన్ మీదే నిలబడి ఏడ్చింది.

అప్పుడు కుర్చీలో ఉన్న కన్నబాబు నోరు విప్పాడు. జబ్బు పడ్డాక ఆ ఇంట్లో ఆయన మాట వినపడడమే గగనం. ఆపరేషన్ సంగతి ఎత్తితే "నీ ఇష్టం" అని గోడకేసి తిరిగే మనిషి.

"సుందరీ, డిగ్లీపూర్ పోదాం వొస్తావేటి?"

"ఏటండీ?"

"నాను రోడ్డు సెప్తాను, నువ్వు నడు. చడాయి వొస్తే ఎత్తు పెంచు. ఉత్రాయి వొస్తే దించు. బస్సు ఎలా పోతాదో అలాగే పోదాం."

ఇరవై రెండేళ్ళు పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు బస్సు నడిపినవాడు కన్నబాబు. మూడువందల పైచిలుకు కిలోమీటర్లలో ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో ఆయన చేతులకు తెలుసు. సుందరి పుట్టిల్లు డిగ్లీపూర్. ఆ బస్సులో ప్రయాణమంటే ఆమెకు ఒకటే గుర్తు. చీకటితోనే ఎక్కడం, వాంతి మాత్ర వేసుకోవడం, ముఖం మీద కొంగు కప్పుకుని పడుకోవడం, ఎవరో తట్టి లేపితే దిగడం. మాత్ర మర్చిపోయిన ఒక ప్రయాణంలోనే కుర్ర డ్రైవరు బండి ఆపి ఆమెకు నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ సీసా కథ పెళ్ళి దాకా వెళ్ళింది. దారి మాత్రం ఆమె ఈనాటికీ చూడలేదు.

అలా ఆ సాయంత్రం బస్సు బయల్దేరింది. "బతు బస్తీ, జానే దో! పోనీ!" అని కన్నబాబు కేకేశాడు. జాహ్నవి నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసింది. "చడాయి, అయిదు పెట్టు" అంటే సుందరి అయిదు నొక్కేది. ట్రెడ్‌మిల్ ముందుభాగం పైకి లేచేది. పిక్కలు లాగేవి. ఇంక నా వల్ల కాదనుకునే వేళకు "ఉత్రాయి వొచ్చీసింది, దించు" అనేవాడు. మధ్యలో కరెంటు పోతే "బండి బ్రేక్‌డౌన్, పాసింజర్లు దిగొద్దు" అనేవాడు. చెప్తున్నంతసేపూ ఆయన చేతులు లేని స్టీరింగును తిప్పుతూనే ఉండేవి. ఎదురుగా ఉన్న గోడ సుందరికి కనపడడం మానేసింది. ఆమెకు తెలియకుండానే రోజుకు ఐదు కిలోమీటర్లు అయిపోతున్నాయి.

తర్వాతి సోమవారం మిషను డెబ్బై ఐదున్నర చూపించింది. సుందరి అక్కడే గంతేసింది. కన్నబాబు "అచ్ఛా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయన తీరే అంత అనుకుని ఆమె పట్టించుకోలేదు.

పదో రోజుకు జిర్కాటాంగ్ గేటు వచ్చింది. అక్కడి నుంచి జరావాలనే ఆదివాసుల రిజర్వు అడవి. బళ్ళన్నీ గేటు దగ్గర ఆగి, టైమయ్యాక కాన్వాయ్‌గా ఒకదాని వెనక ఒకటి బయల్దేరాలి. లోపలికి వెళ్ళాక మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా బండి ఆపకూడదు, ఎవరినీ దింపకూడదు. కన్నబాబు ఆ రూలు కూడా పాటించాడు. "ఇంక నీళ్ళకీ నిప్పులకీ ఆపేది లేదు" అన్నాడు. సుందరి కొంగు నడుముకు దోపింది. అడవి దారి అంటే అన్నీ కొండలే ఉంటాయి, మిగిలిన కిలోలు ఇక్కడే కరగాలి అనుకుంది.

"సీదా," అన్నాడు కన్నబాబు. "ఒకటి సాలు."

కాసేపటికి "చిన్న చడాయి, రెండు పెట్టు" అన్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఇదేటండీ, అడివంటారు, మన వీధి కంటే సాపుగా ఉన్నాది?"

"రోడ్డు బాగు సేసినారు గదా."

సుందరి నమ్మింది. ఇరవై రెండేళ్ళు ఆ దారి తొక్కిన మనిషి చెప్తుంటే, ముసుగేసుకుని నిద్రపోయిన మనిషి నమ్మకేం చేస్తుంది?

మళ్ళీ సోమవారం వచ్చింది. డెబ్బై ఐదున్నర. ఇంకో సోమవారం. డెబ్బై ఐదుంబావు. బస్సెక్కి మూడు వారాలు నడిస్తే ముప్పావు కిలో. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇక మిగిలినవి రెండు వారాలు. సుందరి బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తొడల మీద పిడికిళ్ళతో కొట్టుకుంది. ఈ ఒంట్లో ఏం దాచుకున్నావే, ఎవరి కోసం దాచుకున్నావే అని తన్ను తానే తిట్టుకుంది. ఆయన పోతే తన కొవ్వు వల్లే పోతాడు. ఆ మాట బుర్రలో దూరాక ముద్ద గొంతు దిగలేదు. దిగకపోతే రక్తం తగ్గుతుందని భయపడి నీళ్ళతో మింగింది.

ఆ బుధవారం మధ్యాహ్నం మల్లేశు వచ్చాడు. కన్నబాబు బస్సులో పదిహేనేళ్ళు కండక్టరు. చేతిలో రెండు కొబ్బరి బొండాలు. కిడ్నీ మనిషి బొండం నీళ్ళు తాగకూడదని ఎన్నిసార్లు చెప్పినా అతనికి గుర్తుండదు. బయట వాన దంచేస్తోంది. సుందరి ట్రెడ్‌మిల్ మీద ఉంది. ఆపితే లయ పోతుందని నడుస్తూనే పలకరించింది.

"ఎక్కడిదాకా వొచ్చినారు వదినా?" అన్నాడు మల్లేశు నవ్వుతూ. ఈ ఇంటి బస్సు సంగతి అతనికి ఫోన్లో తెలిసిందే.

"అడివి లోపలే. మీ భయ్యా మిడిల్ స్ట్రెయిట్ ఇంకో పది కిలోమీటర్లంటన్నారు."

మల్లేశు తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. కన్నబాబు కాస్త తటపటాయించి, గొంతు సవరించుకుని చెప్పసాగాడు. సీదా. రైట్ మోడ్, అంటే కుడి మలుపు. మళ్ళీ సీదా. ఒకటి చాలు.

మల్లేశు ఐదు నిమిషాలు విన్నాడు. పాపం, కండక్టరు బుద్ధి ఊరుకోనివ్వలేదు.

"అరే భయ్యా, సీదా ఏటి? ఇక్కడే గదా మన బండి ఫస్ట్ గేర్లో ఏడ్సేది! గేటు దాటిన కాడి నుంచీ చడాయి మీద చడాయి. లోపల ఎవులినీ దింపకూడదు గనక అందరం ఊపిరి బిగబట్టుకుని కూకునేవోళ్ళం. ఆ రైట్ మోడ్ కాడయితే వదినా, మా భయ్యా సీట్లోంచి లేసి నిలబడిపోయీవోడు. యాద్ నహీ హై క్యా, గుర్తు నేదేటి?"

సుందరి తల తిప్పి చూసింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు కన్నబాబు. మల్లేశు ఆయన ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు, తనేదో తప్పు మాట అన్నానని అర్థమైంది. గొడుగు తీసుకుని, మళ్ళీ వస్తానని గొణిగి, వానలోకి వెళ్ళిపోయాడు.

సుందరి మెషిన్ ఆపింది. డయాలసిస్ అయిన రోజుల్లో ఆయనకు ఒక్కోసారి మతిమరుపు వస్తుంది. అదే అయి ఉండాలని ఆమె మనసులో మొక్కుకుంది.

"మర్సిపోయారా?" అని మెల్లిగా అడిగింది.

అవునంటే అయిపోయేది. అంత తేలికైన దారి ఆమే చూపించింది. కన్నబాబు తల అడ్డంగా ఊపాడు.

"నేదు. ఒక్క మోడ్ కూడా మర్సిపోనేదు."

"మరి?"

"మొదటి వారం అర కిలో తగ్గినావు. నాకు బయమేసింది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పద్నాలుగు రోజులు ఈ దొంగ కుర్చీలో కూర్చుని, స్టీరింగు తిప్పుతూ, ఆమె కళ్ళెదుటే కొండలన్నీ చదును చేశాడు. ఆమె ఏడుస్తూ తొడలు గుద్దుకుంటుంటే గోడ అవతల కుళాయి చప్పుడు విన్నాడు. విని కూడా ఊరుకున్నాడు. సుందరికి ఇరవై ఏళ్ళలో మొదటిసారి "మీరు" అన్న మాట నోటికి రాలేదు.

"నువ్వు మనిషివేనా?" అంది. "నా ఒళ్ళే పాపిష్టిదనుకున్నాను. నా కొవ్వే నిన్ను సంపేస్తన్నాదనుకున్నాను. ఒక్క మాట సెప్పలేకపోయావా?"

"ఏటని సెప్తాను? నువ్వు ఇనే మనిషివా?" కన్నబాబు ఎడమ చేతి మీద డయాలసిస్ కోసం ఉబ్బించిన నరాన్ని రుద్దుకుంటున్నాడు. "చెన్నై ఆస్పత్రిలో కమిటీవోళ్ళు వేరే గదిలో కూకోబెట్టి అడుగుతారంట గదా, నీకు ఇష్టమేనా అని. అప్పుడు వొద్దని సెప్దామనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, అంత దూరం ఎందుకు, బరువు తగ్గకపోతే ఎవులూ ఎవుల్నీ అనుకోడానికుండదు గదా అని."

"నేను అనుకోలేదా? రోజూ నన్ను నేను అనుకోలేదా?"

కన్నబాబు చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"ఒకే రోజు ఇద్దరం ఆపరేషన్ బల్లెక్కుతాం సుందరీ. పిల్ల బయట బెంచీ మీద ఒక్కతే కూకుంటాది. నాను పోతే పోతాను, ఎలాగూ పోయేవోణ్ణే. నీకేటన్నా అయితే? ఇరవై రెండేళ్ళు బండి నడిపినాను, నా బండిలో ఎవులికీ గోరంత గాయం అవనేదు. నా కోసం నిన్ను కోయించమంటావేటి?"

సుందరి ట్రెడ్‌మిల్ అంచు మీదే కూలబడింది. ఆయన భయం అబద్ధం కాదు. ఆ బెంచీ ఆమె కలలోకీ వచ్చింది, ఒకసారి కాదు. కానీ ఆ బెంచీ పక్కనే ఈయన ఖాళీ కుర్చీ కూడా వచ్చేది. అది ఈయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"నీ కోసమని నీకెవులు సెప్పినారు?" అంది. "నా కోసం. నువ్వు లేని ఇంట్లో నేనుండలేను. పొద్దున్న లేస్తే తిట్టడానికి మనిషి కావాలి నాకు. అది నా సొంత బాధ. నీకు నచ్చినా నచ్చకపోయినా నా కిడ్నీ నేను ఇచ్చుకుంటాను. కానీ నువ్వు తీసుకోవాలి గదా? నువ్వు చెయ్యి సాపాలి గదా?"

కన్నబాబు కిటికీ వైపు చూశాడు.

సుందరి లేచి కళ్ళు తుడుచుకుంది. మెషిన్ ఎక్కి అన్నీ సున్నాకు తెచ్చింది.

"నువ్వు సెప్పిన ఆ దొంగ రోడ్డు నాకొద్దు. జిర్కాటాంగ్ గేటు నుంచి మళ్ళీ సెప్పు."

"మల్లేశుకి ఫోన్ సెయ్. ఆడు సెప్తాడు."

"మల్లేశు సెప్తే అది రోడ్డు. నువ్వు సెప్తే నువ్వు ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతే నోరు విప్పకు. ఇప్పుడే చెన్నై టికెట్లు కేన్సిల్ చేసేస్తాను. సాయంత్రం పిల్ల వొచ్చాక నువ్వే సెప్పుకో. అమ్మ తగ్గలేక కాదు, నాన్న వొద్దనుకున్నాడని నీ నోటితో సెప్పు."

బెల్టు తిరగడం మొదలైంది. సుందరి చదును మీద నడిచింది. ఎత్తు తానే పెంచుకోవచ్చు, బటన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. రేకుల మీద వాన మోగుతోంది. రెండు నిమిషాలు, నాలుగు, ఆరు. కుర్చీలోంచి ఉలుకూ పలుకూ లేదు. వెనక్కి తిరిగి చూడకూడదని గట్టిగా అనుకుంది. చూస్తే తనే లొంగిపోతుంది, పోనీలెండి అంటుంది, ఇరవై ఏళ్ళుగా అన్నట్టే. తొమ్మిది నిమిషాలైంది. మనిషి వెనకాలే ఉన్నాడు, అయినా ఆ మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ తొమ్మిది నిమిషాల్లో ఆమెకు తెలిసిపోయింది. తను ఓడిపోయానని అనుకుంది. ఆపే బటన్ మీద వేలు పెట్టింది.

"చడాయి," అన్నాడు కన్నబాబు.

అంత చిన్నగా అన్నాడు, వాన చప్పుడులో విన్నానో అనుకున్నానో ఆమెకు తెలియలేదు.

"ఎంత?"

ఆమె వేలు ఆపే బటన్ మీంచి ఎత్తు బటన్ మీదికి జరిగింది.

"ఎంతండీ?"

"ఎనిమిది."

ఆమె నొక్కింది. మెషిన్ ముందుభాగం మూలుగుతూ పైకి లేచింది. ఒక్క నిమిషంలోనే ఊపిరి అందలేదు, పిక్కలు చీరేస్తున్నట్టయింది.

"సిన్న అడుగులెయ్యి. పైకి సూడకు, ముందున్న జానెడే సూడు," అన్నాడు కన్నబాబు. "తొందర పడకు. ఇది అయిపోగానే ఇంకోటుంది సుందరీ. దీనికంటే పెద్దది."

"సెప్పండి," అంది సుందరి.

"పన్నెండు," అన్నాడు, తడిసిన ముఖం తుడుచుకోకుండానే.